ఆల్బమ్ టెంప్లేట్ల సైట్ బాగుంది, బిల్లులో రాష్ట్రం పేరు మాత్రం చూసుకోండి

విజయనగరంలో గంటస్తంభం దగ్గర నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లి ఆల్బమ్‌లు, ఫంక్షన్ వీడియోలు, పాస్‌పోర్ట్ ఫోటోలు అన్నీ చేస్తాం. ఆల్బమ్ డిజైన్‌కి హైదరాబాద్ కంపెనీ ఒకటి నడిపే టెంప్లేట్ల సైట్ 2021 నుంచి వాడుతున్నాను. ఏడాది ప్లాన్ 12,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,160, మొత్తం 14,160. కంపెనీ పేరు రాయడం లేదు. తప్పు జరిగిన మాట నిజమే కానీ చివరికి సరిచేశారు, పైగా ఇలాంటి తప్పు ఏ సైట్‌లోనైనా జరగొచ్చు, ఒక్కరినే వేలెత్తి చూపడం నాకు ఇష్టం లేదు. స్టూడియోలు నడిపేవాళ్లు, డీటీపీ సెంటర్ల వాళ్లు, ఆన్‌లైన్‌లో సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లు కొంచెం ఓపిగ్గా చదవండి, డబ్బుతో పని.

ముందు సరుకు సంగతి. సరుకు చాలా బాగుంది. 12x36 అంగుళాల షీట్లు, పీఎస్‌డీ (ఫోటోషాప్) ఫైళ్లు, లేయర్లన్నీ విడివిడిగా ఉంటాయి. తలంబ్రాల షీట్ తెరిస్తే బియ్యపు గింజలు ఒక లేయర్, పసుపు రంగు ఒక లేయర్, కింద పడిన గింజల నీడ కూడా వేరే లేయర్. పెళ్లికూతురు మొహం మీద గింజ పడితే ఆ ఒక్కటీ పక్కకి జరుపుకోవచ్చు, మిగతావి కదలవు. ఈ పని నేను మామూలుగా చేస్తే ఒక్కో షీట్‌కి అరగంట పట్టేది. తెలుగు అక్షరాలు కూడా యూనికోడ్‌లోనే ఇస్తారు. పాత సైట్లలో అను ఫాంట్లతో చేసిన ఫైల్ ఇచ్చేవాళ్లు, ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" కాస్తా అర్థం లేని ఇంగ్లీష్ గుర్తులుగా మారిపోయేది, రాత్రి పదకొండింటికి ల్యాబ్‌కి ఫైల్ పంపాల్సిన టైమ్‌లో ఆ టెన్షన్ ఏమిటో పడ్డవాళ్లకే తెలుసు. ఇక్కడ ఆ బాధ లేదు. ఓణీల ఫంక్షన్, పంచెల ఫంక్షన్ షీట్లు తక్కువ, అవి పెంచాలి. సరుకు వరకు నేను ఇచ్చే మార్కులు 5కి నాలుగున్నర.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

నేను ఈ సైట్‌లో ఖాతా తెరిచినప్పుడు హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్టూడియోలో పనిచేసేవాణ్ని. అడ్రస్ అదే ఇచ్చాను. 2023లో ఊరికి వచ్చేశాను, సొంత స్టూడియో పెట్టుకున్నాను, 2024లో జీఎస్టీ నంబర్ తీసుకున్నాను, ఎందుకంటే ఈవెంట్ల వాళ్లూ కాలేజీల వాళ్లూ జీఎస్టీ బిల్లు లేకపోతే పని ఇవ్వడం లేదు. 2025 జూన్‌లో శ్రావణం పెళ్లిళ్లకి సిద్ధంగా ఉండాలని ప్లాన్ రెన్యువల్ చేశాను. డబ్బు కట్టే ముందు అడ్రస్ మార్చాలని గుర్తుంది, ప్రొఫైల్‌లోకి వెళ్లి విజయనగరం అడ్రస్, పిన్‌కోడ్ కూడా ఎక్కించాను. అక్కడితో పని అయిపోయిందనుకున్నాను.

జులై మధ్యలో, ఆషాఢం కాబట్టి పెళ్లిళ్లు లేవు, కాస్త ఖాళీ దొరికి బిల్లులన్నీ తీసుకుని ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాను. ప్రతి నెలా 14వ తేదీన జీఎస్టీ పోర్టల్‌లో 2బీ అని ఒక స్టేట్‌మెంట్ వస్తుంది, మనకి అమ్మినవాళ్లు మన నంబర్ మీద వేసిన బిల్లులు అందులో కనిపిస్తాయి, వాటి మీద కట్టిన పన్నునే మనం కట్టాల్సిన పన్నులో తిరిగి సర్దుబాటు చేసుకోగలం, దాన్నే క్రెడిట్ అంటారు. అందులో నా టెంప్లేట్ల బిల్లు లేదు. ఆయన నా ఫోన్‌లో ఉన్న బిల్లు ప్రింట్ తీసి, పెన్సిల్‌తో ఒక చోట గుండ్రంగా చుట్టి, "ఇది చూడు బాబూ, ఇదేటి?" అన్నారు. ప్లేస్ ఆఫ్ సప్లై, అంటే అమ్మకం ఏ రాష్ట్రంలో జరిగినట్టు లెక్కో చెప్పే చోట "తెలంగాణ, 36" అని ఉంది. ఆ అంకె రాష్ట్రం కోడ్, మన ఆంధ్రప్రదేశ్‌ది 37. కింద సీజీఎస్టీ 1,080, ఎస్‌జీఎస్టీ 1,080. నా జీఎస్టీ నంబర్ ఉండాల్సిన చోట ఖాళీ.

మొత్తం అంతే కదండీ, 2,160, తేడా ఏముంది అన్నాను. అప్పుడు ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. దేశం లోపల రేటు మనం కొనే వస్తువును బట్టి ఉంటుంది, ఏ ఊళ్లో ఉన్నామన్నదాన్ని బట్టి కాదు. సాఫ్ట్‌వేర్, టెంప్లేట్లు ఎక్కడ కొన్నా 18 శాతమే. అచ్చు పుస్తకానికి పన్ను లేదు, అచ్చులో వచ్చిన అదే పుస్తకాన్ని ఈ-బుక్‌గా కొంటే 5 శాతం, ఇది విజయనగరంలోనూ అంతే, ముంబైలోనూ అంతే. కానీ ఆ పన్ను ఏ పేరుతో పడాలి, ఎవరి ఖజానాకి చేరాలి అన్నది మాత్రం కొన్నవాడు ఎక్కడున్నాడో దాన్ని బట్టే తేలుతుంది. హైదరాబాద్ కంపెనీ తెలంగాణలో ఉన్నవాడికి అమ్మితే సగం కేంద్రానికి సీజీఎస్టీ, సగం తెలంగాణకి ఎస్‌జీఎస్టీ. అదే ఆంధ్రాలో ఉన్న నాకు అమ్మితే మొత్తం ఐజీఎస్టీగా పడాలి, తర్వాత అందులో రాష్ట్రానికి రావాల్సిన సగం ఆంధ్రప్రదేశ్‌కి సర్దుతారు. షాపులో పెట్టె కొంటే చేతిలో వస్తువు ఉంటుంది, అది ఎక్కడికి చేరిందో అందరికీ తెలుస్తుంది. ఫైల్ డౌన్‌లోడ్ చేస్తే ఎక్కడికి చేరిందని చెప్పడానికి కంపెనీ దగ్గరున్న అడ్రస్ ఒక్కటే ఆధారం. ఆ అడ్రస్ తప్పయితే పన్నంతా తప్పు దారిలో పోతుంది.

నాకు జరిగింది సరిగ్గా అదే. తెలంగాణ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ ఆంధ్రా నంబర్ ఉన్నవాడికి పనికిరావు. సీజీఎస్టీ కేంద్రానిదే కదా, అదైనా వాడుకోవచ్చేమో అని అడిగాను, కుదరదన్నారు. ఐజీఎస్టీ అయి ఉంటే నేను కట్టాల్సిన పన్నులో 2,160 తగ్గేది. నాలాంటివాడికి అది రెండు బర్త్‌డే ఫంక్షన్ల ఫోటోల మీద మిగిలే డబ్బు.

ఇంటికొచ్చి సైట్ తెరిచి చూస్తే కారణం దొరికింది. ఆ సైట్‌లో అడ్రస్ రెండు చోట్ల ఉంటుంది. పైన ఫోటో పక్కన కనిపించే ప్రొఫైల్ అడ్రస్ ఒకటి, లోపల "పేమెంట్స్" అన్న చోట, దాని కింద ఇంకో మెనూలో బిల్లింగ్ అడ్రస్ ఇంకొకటి. మొదటిది మారిస్తే రెండోది మారదు. మారలేదని చెప్పే మాట ఎక్కడా లేదు. డబ్బు కట్టే పేజీలో మొత్తం 14,160 అని పెద్ద అక్షరాల్లో చూపిస్తారు గానీ, ఏ రాష్ట్రం కింద బిల్లు వేస్తున్నారో చూపించరు. జీఎస్టీ నంబర్ ఇవ్వడానికి పెట్టె ఉంది, "బిజినెస్ కోసం కొంటున్నారా" అన్న చిన్న టిక్ పెడితేనే అది తెరుచుకుంటుంది. ఇది నా మాటగా ఆ కంపెనీకి కూడా రాశాను: మీ షీట్‌లో బియ్యపు గింజ నీడకి కూడా వేరే లేయర్ పెట్టినవాళ్లు, కస్టమర్ రాష్ట్రం పేరు చూపించే ఒక్క లైన్ ఆ పేజీలో పెట్టలేరా?

కస్టమర్ కేర్ దగ్గర రెండు నెలలు తిరిగాను. మొదటి మెయిల్‌కి జవాబు "టోటల్ అమౌంట్ సేమ్ సార్, సమస్య లేదు" అని వచ్చింది. రెండోసారి గట్టిగా రాస్తే నా జీఎస్టీ నంబర్ ఎక్కించి బిల్లు మార్చి పంపారు, నేను సంతోషించాను. ఆగస్టు 14న 2బీ తీస్తే ఈసారి బిల్లు కనిపించింది గానీ క్రెడిట్ రాదు అన్న భాగంలో కనిపించింది. నంబర్ చూస్తే 37తో మొదలయ్యేది, ప్లేస్ ఆఫ్ సప్లై మాత్రం ఇంకా 36 అనే ఉంది. అంటే ఆంధ్రా మనిషికి తెలంగాణలో అమ్మినట్టు రాశారు. ఇక మెయిల్ మానేసి ఫోన్ చేశాను, మూడుసార్లు ఎవరెవరికో కలిపాక అకౌంట్స్‌లో ఒక మేడమ్ మాట్లాడారు. ఆవిడకి రెండు నిమిషాల్లో అర్థమైంది, "సార్, పాత బిల్లుకి క్రెడిట్ నోట్ వేసి, ఐజీఎస్టీతో కొత్త బిల్లు ఇస్తాం" అన్నారు, క్రెడిట్ నోట్ అంటే పాత బిల్లుని రద్దు చేసే కాగితం. ఆగస్టు ఆఖరుకి ఇచ్చారు. సెప్టెంబర్ 14న 2బీలో 2,160 సరైన చోట కనిపించింది. ఆవిడ ముందే దొరికి ఉంటే జులైలోనే తేలిపోయేది. ఇంకో మాట, ఇలాంటి దిద్దుబాట్లకి గడువు ఉంది, ఆ ఆర్థిక సంవత్సరం అయ్యాక వచ్చే నవంబర్ 30 వరకే, ఈలోగా వార్షిక రిటర్న్ వేస్తే ఆ గడువు కూడా ముందే ముగుస్తుంది. కాబట్టి బిల్లు వచ్చిన వారంలోనే తెరిచి చూడండి.

మాకు జీఎస్టీ నంబరే లేదు, మాకెందుకు ఈ గొడవ అనుకునేవాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి. మీ జేబులోంచి పోయేది రెండు రకాలుగానూ ఒకటే, ఒప్పుకుంటాను. కానీ మన వైపు సంగతి వేరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి హైదరాబాద్‌కీ, బెంగళూరుకీ, చెన్నైకీ పనికి వెళ్లని కుటుంబం ఏ ఊళ్లోనైనా ఉందా? వెళ్లినప్పుడు ఖాతాలు తెరుస్తాం, తిరిగి వచ్చేస్తాం, అడ్రస్ అక్కడే ఉండిపోతుంది. మా వీధిలోనే అడిగి చూశాను, ఓటీటీ ఖాతాల్లో, పిల్లల కోచింగ్ యాప్‌లలో కూకట్‌పల్లి, మారతహళ్లి అడ్రస్‌లు ఇప్పటికీ ఉన్నవాళ్లు నలుగురు తేలారు. వాళ్లు విజయనగరంలో కూర్చుని కట్టే పన్నులో రాష్ట్రం వాటా వేరే రాష్ట్రానికి పోతోంది. పెద్ద కంపెనీలన్నీ ఆ ఊళ్లలోనే ఉన్నాయి, కట్టేవాళ్లం మనం, ఆ వాటా అయినా మన రోడ్లకీ, మన ఆసుపత్రికీ రావాలి కదా. నాకు ఇది చిన్న విషయంగా అనిపించడం లేదు.

ఇంతకుముందు ఇంకా ఘోరంగా ఉండేది. జీఎస్టీ నంబర్ లేని కస్టమర్ అడ్రస్ కంపెనీ దగ్గర లేకపోతే, అమ్మినవాడు ఉన్న చోటే కొన్నట్టు లెక్క. అందుకని చాలా సైట్లు అడ్రస్ అడిగేవే కావు. ఆన్‌లైన్ సేవలకి బిల్లు ఎంత చిన్నదైనా కస్టమర్ రాష్ట్రం పేరు దాని మీద ఉండి తీరాలని నిబంధన వచ్చింది, 2024 డిసెంబర్ 31న ఇచ్చిన సర్క్యులర్‌లో దాన్ని ఇంకా స్పష్టంగా చెప్పారు. ఈమధ్య 99 రూపాయల యాప్ కూడా "మీ రాష్ట్రం ఎంచుకోండి" అంటోందంటే ఇదీ కారణం. ఆ లిస్టులో మొదట కనిపించిన పేరు మీద నొక్కేసి ముందుకి పోకండి, ఆంధ్రప్రదేశ్ వెతికి పెట్టండి.

ఫోన్ దానంతట అది నింపేసే రాష్ట్రాన్ని కూడా నమ్మొద్దు. పాతపట్నంలో నాకు తెలిసిన స్టూడియో అతను ఉన్నాడు, గట్టిగా చూస్తే ఒడిశాలోని పర్లాకిమిడి పక్కనే, అతని ఫోన్‌లో ఇదే సైట్ తెరిస్తే రాష్ట్రం ఒడిశా అని వచ్చింది. నా ఫోన్‌లో లొకేషన్ ఆపేసి తెరిస్తే హైదరాబాద్ చూపించింది, నెట్ ఎటు తిరిగి వస్తుందో దాన్ని బట్టి అలా చూపిస్తుందట.

విదేశీ కంపెనీల దగ్గర కొనేటప్పుడు లెక్క ఇంకోలా ఉంటుంది, ఇది స్టూడియోల వాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. రీటచింగ్ సాఫ్ట్‌వేర్ డాలర్లలో కొంటాం కదా, అక్కడ కొన్నవాడు ఇండియాలో ఉన్నాడా లేదా అన్నదే ప్రశ్న. అది తేల్చడానికి చట్టంలో ఏడు గుర్తులు రాశారు: మనం ఇచ్చిన అడ్రస్, కార్డు ఏ దేశంలో ఇచ్చింది, బిల్లింగ్ అడ్రస్, ఐపీ అడ్రస్, బ్యాంకు ఖాతా ఉన్న చోటు, సిమ్ దేశం కోడ్, ల్యాండ్‌లైన్ ఉన్న చోటు. ఒకదానికొకటి పొసిగే రెండు గుర్తులు దొరికితే చాలు, ఇండియాలో ఉన్నట్టే. జీఎస్టీ నంబర్ ఇవ్వకుండా కొంటే ఆ కంపెనీయే మన దగ్గర 18 శాతం వసూలు చేసి ఇక్కడ కడుతుంది, ఆ బిల్లు మీద వాళ్ల నంబర్ 99తో మొదలవుతుంది. నంబర్ ఇచ్చి కొంటే వాళ్లు పన్ను వేయరు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర స్టూడియో నడిపే మా స్నేహితుడు అలాగే నంబర్ ఇచ్చి 10,000 రూపాయల ప్లాన్ కొని, పన్ను పడలేదు, 1,800 మిగిలింది అని అందరికీ చెప్పాడు. మిగల్లేదు. వాళ్లు వేయకపోతే మనమే కట్టాలి, రివర్స్ చార్జ్ అంటారు, అదీ క్రెడిట్‌లోంచి కాకుండా నగదుగా కట్టాలి. ఆ నెలలోనే కడితే అదే రిటర్న్‌లో క్రెడిట్ తీసుకోవచ్చు, చేతికి నష్టం ఉండదు. అతను ఏడాది తర్వాత తెలుసుకుని కట్టాడు, 18 శాతం వడ్డీ దండగ.

మా పెద్దనాన్న కొడుకు, అన్నయ్య అమెరికాలో ఉంటాడు, ఈ కథంతా చెప్తే అక్కడైతే రేటు కూడా మారిపోతుంది అన్నాడు. డల్లాస్‌లో ఉన్నప్పుడు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ కొంటే టెక్సాస్ సేల్స్ టాక్స్ 8.25 శాతం పడేది, కాలిఫోర్నియా మారాక అదే డౌన్‌లోడ్‌కి సున్నా, ఎందుకంటే అక్కడ చేతికి వస్తువు రాని డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్ మీద సేల్స్ టాక్స్ లేదు. 2018లో అక్కడి సుప్రీంకోర్టు సౌత్ డకోటా, వేఫెయిర్ కేసులో తీర్పు ఇచ్చాక, రాష్ట్రంలో ఆఫీసు లేని కంపెనీల చేత కూడా కస్టమర్ ఉన్న రాష్ట్రం పన్ను వసూలు చేయిస్తోంది. యూరప్‌లో 2015 నుంచి డిజిటల్ సేవలకి కస్టమర్ ఉన్న దేశం వ్యాటే, లక్సెంబర్గ్‌లో ఉన్నవాడికి 17 శాతం పడితే హంగరీలో ఉన్నవాడికి 27. అన్నయ్య ఇల్లు మారిన రోజే అన్ని ఖాతాల్లో అడ్రస్ మారుస్తాడట. మనకి రేటు ఒకటే కావడం వల్ల ఆ అలవాటు లేకుండా పోయింది.

మళ్లీ సైట్ దగ్గరికొస్తే, ఇప్పుడు వాడుతున్నవాళ్లు చేయాల్సింది ఇదీ. పేమెంట్స్‌లోకి వెళ్లి, బిల్లింగ్ ప్రొఫైల్ తెరిచి, రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ పెట్టి సేవ్ చేయండి. జీఎస్టీ నంబర్ ఉంటే బిజినెస్ టిక్ పెట్టి అక్కడే ఎక్కించండి. ఆటో రెన్యువల్ ఉంటే డబ్బు కట్ అయ్యే ముందే ఇదంతా చేయాలి, తర్వాత మారిస్తే ఆ ఏడాది బిల్లుకి వర్తించదు. బిల్లు వచ్చాక మూడే చూడండి: మీ నంబర్, ప్లేస్ ఆఫ్ సప్లై దగ్గర 37, హైదరాబాద్ కంపెనీ కాబట్టి ఐజీఎస్టీ అన్న ఒకే లైన్. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు లైన్లు కనిపిస్తే ఆ రోజే ఫోన్ చేయండి, మెయిల్ పెట్టి ఎదురుచూడొద్దు, నేరుగా అకౌంట్స్‌కి కలపమనండి.

టెంప్లేట్లకి నాలుగున్నర, బిల్లింగ్ పేజీకి ఒకటి, అకౌంట్స్ మేడమ్‌కి ఐదుకి ఐదు, మొత్తం మీద మూడున్నర ఇస్తున్నాను. షీట్లు బాగున్నాయి కాబట్టి మానేసే ఉద్దేశం లేదు. రాష్ట్రం పేరు డబ్బు కట్టే పేజీలోనే చూపించమని అడిగాను, చూస్తామన్నారు. 2026 జూన్‌లో మళ్లీ రెన్యువల్ ఉంది, అప్పటికి ఆ లైన్ పెడితే ఇక్కడే వచ్చి మార్కులు పెంచుతాను.